ఇరవై నాలుగో కిటికీ

మద్రాసు పేరు చెన్నైగా మారిన మరుసటి వేసవిలో, భవనాల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న నన్ను దొరల కాలం నాటి ఒక వ్యాయామశాల మరమ్మతులకు వేశారు. హాలుకు ఇరవై నాలుగు ఉక్కు చట్రాల కిటికీలు. ఒక్కటీ తెరుచుకోదు. బరువులెత్తేవాళ్లు లోపల ఉడికిపోతుంటే, కోచ్ గారు రోజూ ఉదయాన్నే వచ్చి నన్ను గాలి అడిగేవారు.

నా పైఅధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి అల్యూమినియం కిటికీల మీద మనసు పడింది. పాతవాటిని తుక్కుకు పంపాలంటే 'ఇవి పనికిరావు' అని కింది ఇంజనీరు ధ్రువపత్రం రాయాలి. ఆ సంతకం నాది. రాసే ముందు అసలు రోగమేమిటో చూద్దామని, హార్బరులో ఓడల పని చేసిన రాయపురం ఫిట్టరు కన్నయ్య నాయుణ్ణి పిలిపించాను. ఆయన ఉలితో ఒక మూల గీకాడు.

"ఇనుముకేమీ కాలేదు సార్. పెద్దోళ్లు వచ్చినప్పుడంతా మూసింది మూసినట్టే పెయింట్ కొట్టుండారు. అదే పట్టుకోనుండాది," అన్నాడు.

నిజమే. తనిఖీకొక పూత చొప్పున మా శాఖ చరిత్రంతా అక్కడ పొరలు పొరలుగా ఉంది. బ్లోలాంపుతో రంగు కాల్చి గీకించాం. మడతబందుల్లో కిరసనాయిలు పోయించి, అరిగిన సీలలు మార్పించి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయించాం. పది రోజుల్లో ఇరవై మూడు కిటికీలు వేలితో తోస్తే తెరుచుకున్నాయి. ఇరవై నాలుగోదాన్ని నేనే ఆపించాను. చెరువులో మట్టి తవ్వేటప్పుడు, ఎంత లోతు తవ్వామో పైవాళ్లకు తెలియడానికి అక్కడక్కడా తవ్వకుండా దిమ్మెలు వదిలేస్తాం. అలాగే ఇదొకటి సాక్షిగా ఉంటుందనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు వచ్చారు. తెరిచి ఉన్న ఇరవై మూడింటినీ దాటుకుని నేరుగా మూసి ఉన్నదాని దగ్గరికెళ్లి లాగారు. రాలేదు. అన్నీ ఇంతేనని తేల్చేసి, తన పైఅధికారి సూపరింటెండింగ్ ఇంజనీరు గారు కొత్త కిటికీల మంజూరుకు వచ్చేలోగా, అంటే రెండు రోజుల్లో, ధ్రువపత్రం కావాలన్నారు. సాక్షి సంగతి చెప్పబోతే, పని పూర్తి కాలేదని నువ్వే ఒప్పుకుంటున్నావుగా అన్నారు.

ఆయన వెళ్లాక నాయుడు నెమ్మదిగా అన్నాడు: "ఆ ఒక్కటి చూపించే గదా సార్, అన్నిటినీ పారేస్తామంటా ఉండారు. దాన్నీ విప్పేస్తా. మనం పని చేసినామని ఎవురూ నమ్మరు, అంతే గదా."

ఆ మాట మింగడానికి నాకు ఒక పూట పట్టింది. సాయంత్రానికి విప్పేయమన్నాను. ధ్రువపత్రం రాయలేదు.

సూపరింటెండింగ్ ఇంజనీరు గారు ఇరవై నాలుగూ తెరిచి, మూసి చూశారు. ఇంత చక్కటి కిటికీలను పీకేద్దామన్న బుద్ధిమంతుడెవరని అడిగారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు నా వైపు చూశారు. అల్యూమినియం ఫైలు అక్కడితో మూతపడింది. వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది: బాగున్న కిటికీలకు మరమ్మతు ఎందుకు చేయించారో సంజాయిషీ ఇవ్వాలి.

ఒళ్లు మండింది. అయినా ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని ఒక్క వాక్యం రాసిచ్చాను. మరమ్మతు సరిగ్గా కుదిరితే చేసినట్టే కనబడదని అప్పుడు తెలిసింది. నా పనితనాన్ని శాఖ రాతపూర్వకంగా మెచ్చుకున్నది ఆ మెమోలోనే.