జానెడు కనకాంబరాలు

“ఛీ, మూసెయ్యండమ్మా ఆ పుస్తకం! ఈ వయసులో ముద్దులూ కౌగిళ్ళూనా?”

“మరి నా భుజం మీంచి మీరెందుకు చదువుతున్నారు, వదినగారూ?”

అంది ఢిల్లీ రైల్లో నా పక్క సీటావిడ. నాది కూడబలుక్కునే చదువే. అయినా ఎప్పుడో విడిపోయిన రాణీ సేనాపతీ మళ్ళీ గుడారంలో కలుసుకున్న పేజీ అంతా లాగించేశాను.

“ఇంతకీ రాణి అతనితో వెళ్ళిపోతుందా?” అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ పుస్తకం మూసింది. “తెలీదండీ. నాకోసమూ ఒకాయన ఫరీదాబాద్ స్టేషనుకి వస్తానన్నాడు. పెళ్ళికి ముందు మావాళ్ళు కాదన్న మనిషి. మావారు పోయాక, ఎస్టీడీ బూత్ నుంచి నేనే ఫోన్ చేశాను. అక్కడ దిగాలో, ఢిల్లీలో మా అమ్మాయింటికే పోవాలో తేలడం లేదు.”

నేను దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారి ఫరీదాబాద్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన ప్రతి కిటికీలోకీ తొంగి చూస్తున్నాడు. ఆవిడ లేవకుండా బోసిగా ఉన్న కొప్పు తడుముకుంటోంది. కోడలి కోసం అరిటాకులో చుట్టి తెచ్చిన కనకాంబరాల దండ విప్పి, జానెడు తుంచి ఆవిడ కొప్పులో పెట్టాను.

“బండి ఎక్కువసేపు ఆగదు, దిగండి.”

దిగింది.

ఇంటికెళ్ళాక కోడలు దండ విప్పి చూసి, “పూల దగ్గర కూడా పొదుపేనా, అత్తయ్యా?” అంది.