బావ కట్టిన కిటికీలు

మొన్న కాశీబుగ్గలో బస్సు కోసం నిలబడితే, బారువ నుంచి ఎండుచేపలు తెచ్చిన ఒకావిడ గంప దించి, ఫోన్ తీసి, బొమ్మ మీద వేలు పెట్టి కూతురితో మాట కలిపింది. తనకు చదువు రాదని పక్కావిడతో తనే చెప్పుకుంది. నాకు మా బావ గుర్తొచ్చాడు. ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో మా పెద్దప్ప, అంటే పెద్దక్క, మొగుడు పలాసలో ఒక పాత కంప్యూటర్ ముందు బైఠాయించాడు. నల్లటి తెర, ఏం కావాలన్నా ఇంగ్లీషులో కొట్టాలి. పట్నాల్లో అప్పటికే బొమ్మల తెరలు వచ్చేశాయి గానీ ఆ ముసలి పెట్టె వాటి బరువు మోయలేదు, పైగా వాటిలో తెలుగు లేదు. చదువురాని వాళ్లు కూడా బొమ్మ నొక్కి పని జరుపుకునేలా తనే ఒక ప్రోగ్రాం రాస్తానని పట్టుబట్టాడు మహానుభావుడు. గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ తెలుగు అక్షరాలు గీశాడు. దాచుకోవడానికి గంప బొమ్మ, అక్కర్లేనిది చెరిగి పారేయడానికి చేట బొమ్మ. తెర మీద ఒక కిటికీ, అదే విండో, మీద ఇంకోటి తెరిచి మూస్తే, కిందదానిలో ఉన్నదంతా మాయమయ్యేది. ఆ తంటా తీరడానికి ఒక వానాకాలమంతా పట్టింది. తీరిన రోజు అప్పని పిలిచి మూసి, తెరిచి, మళ్లీ మూసి చూపించాడు. "ఇంటి కిటికీకి గెడ ఎట్టమంటే ఏడాదయినాది, ఇక్కడ మాత్రం సకసకా మూసేత్తన్నావు" అని అప్ప పడీ పడీ నవ్వింది.

తర్వాత కరెంటు ఎగుడుదిగుడులకి కంప్యూటర్ లోపలి డిస్కు కాలిపోయింది. రాసిందంతా ఫ్లాపీల్లో ఉంది కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఏడు ముసురుకి వాటికీ బూజు పట్టింది. బావ కొత్త డిస్కు కోసం విశాఖ వెళ్లిన రోజు, అప్ప తనకు తెలిసిన వైద్యం చేసింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. చెమ్మ తగిలిన పప్పుని ఎలా బాగుచేస్తారో అలాగే ఫ్లాపీలను ట్రేలో పరిచి ఫ్యాక్టరీలో పప్పు ఆరబెట్టే వేడిగదిలో పెట్టింది. మధ్యాహ్నం తీసేసరికి అన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి.

బావ వచ్చి చూశాడు.

"తడి లాగేత్తాదని ఎట్టినాను" అంది అప్ప, ఏడుపు ఆపుకోలేక.

"సెడగొట్టాలని సేసినావేటి, ఊరుకో" అన్నాడాయన.

నాలుగు కేకలేసినా బాగుండేది. మళ్లీ రాయమని నేనెంత పోరినా "ఇంక నా వల్ల కాదురా" అన్నాడు. కొత్త డిస్కు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. పోయేదాకా ఆయన మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోలేదు.

అప్ప నన్ను ఇప్పటికీ అడుగుతుంది, "ఎండలో ఎట్టుంటే బతికీవేటి, తమ్ముడా?" అని. మనవల పేర్లు మరిచిపోతోంది, పొద్దున తిన్నదీ మరిచిపోతోంది. ఇన్ని పట్టుకుపోతున్న కాలం ఆ ఒక్క మధ్యాహ్నాన్ని కూడా పట్టుకుపోతే దాని సొమ్మేం పోయింది?