మా అన్న జబ్బు

కడప బస్సులో పక్క సీటు రైతు తన స్కానింగ్ ఫిల్ములు నా చేతిలో పెట్టాడు.

"ప్రొస్టేటు క్యాన్సరంట నాకు. అల్ట్రాసౌండు తీసి మళ్లా ఎమ్మారై ఎందుకప్పా?" అని బస్సంతా వినబడేలా అడిగాడు.

లైబ్రరీలో చదివింది గర్వంగా అప్పజెప్పాను. అల్ట్రాసౌండులో గ్రంథి ఆకారం తెలుస్తుంది. గడ్డ ఏ మూల ఉందో ఎమ్మారైలో ఇంకా బాగా కనబడుతుంది.

"ఇంత యాడ నేర్చినావప్పా?"

"మా అన్నకూ ఇదే జబ్బు," అన్నాను గొంతు తగ్గించి. నాకు అన్న లేడు. నా ఫిల్ములు కాళ్ల దగ్గర సంచిలో ఉన్నాయి.

మైదుకూరులో బస్సు ఆగగానే మూత్రానికని ఇద్దరం ఒకేసారి లేచాం. ఆయన నా ముఖం చూసి మళ్లీ కూర్చున్నాడు.

"నువ్వు ముందు పోయిరాప్పా. నేను ఆపుకుంటా. మీ అన్నకు చెప్పు, ఇది సిగ్గుపడే రోగం కాదని."

తిరిగి వచ్చేసరికి నా సంచిని ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. అప్పుడు కూడా ఆ జబ్బు నాదని చెప్పలేకపోయాను.