బాలవ్వ కుట్టిన లంగోటి

సూరత్‌లో ఒక్కరోజు నేసే బట్టను పరిస్తే అది చంద్రుడి దాకా పోయి, అక్కడ ఒక ముడి వేసుకుని, తిరిగి ఊళ్ళోని డిండోలి పేట దాకా వస్తుందని చెప్పేవాళ్ళున్నారు. కొలిచినవాళ్ళు లేరు గనుక కాదనడానికి వీల్లేదు. అంత బట్ట నేసే ఊళ్ళో ఒక గ్లాసుడు నీళ్ళు తాగే గుడ్డముక్క దొరకలేదంటే మాత్రం ఎవరూ నమ్మరు. బాలవ్వ కూడా నమ్మలేదు, తన చేత్తో పోసి చూసేదాకా.

బాలవ్వకు అరవై రెండేళ్ళు. పెళ్ళయిన ఏడాదే భర్త రాజమౌళి వెంట సిరిసిల్ల నుంచి వచ్చింది. అప్పటి నుంచీ ఇంట్లో మిషన్ మీద చీరలకు లేసు కుడుతోంది. ఆమె మిషన్ తొక్కడం మొదలుపెడితే పక్కింటి గోడమీద బల్లులు కూడా పురుగుల వేట మాని తలలాడిస్తాయని ఆ వీధిలో ప్రతీతి.

రాజమౌళిది పవర్‌లూమ్ కార్ఖానాలో పని. ఏడాదికి ఒకసారి మాత్రం చేతిమగ్గం మీద కూర్చుంటాడు. రాఖీ పున్నమి నాడు పద్మశాలీలు మార్కండేయ స్వామి రథం తీస్తారు. లారీనే రథంలా అలంకరించి, దాని మీద మగ్గం బిగించి, ఊరేగింపు సాగినంతసేపూ స్వామికి శెల్లా నేస్తారు. గుడి ముందు ఆ బట్టను మగ్గం మీంచి కోసి స్వామికి కప్పుతారు. కట్టుబాటు ఒక్కటే: బట్ట తెగేదాకా నేసేవాడు లేవకూడదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పీట రాజమౌళిది.

పోయిన చలికాలం అతనికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని మూత్రం మీద పట్టు పోయింది. దగ్గితే పడుతుంది, వంగితే పడుతుంది, నవ్వినా పడుతుంది. తగ్గడానికి నెలలు పడుతుందనీ, కొందరికి పూర్తిగా తగ్గకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. రాజమౌళి మొదట నవ్వడం మానేశాడు. తర్వాత చాయ్ బండి దగ్గరికి పోవడం మానేశాడు. చివరికి గడప దాటడమే మానేశాడు.

పున్నమి ఇంకా నలభై రోజులుందనగా సంఘం పెద్ద గంగారాం ఇంటికి వచ్చాడు. ఈసారి పీట మీద కూర్చుంటావా అని నేరుగా అడగలేక వానల గురించి, నూలు గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. రాజమౌళే తేల్చేశాడు.

"నాతోని కాదిగ. ఎవర్నన్న సూసుకో గంగారాం."

చాయ్ పట్టుకొచ్చిన బాలవ్వ కప్పు గంగారాం చేతికిచ్చి, "ఎవర్నీ సూసుకోకు. ఆయననే కూసుంటడు" అంది.

గంగారాం వెళ్ళాక రాజమౌళి గోడవైపు చూస్తూ అన్నాడు. "ఐదు గంటలు. తెల్ల పంచె. ఊరంత సూస్తది. ఒక్క మరక పడితే పద్దెనిమిదేండ్ల ఇజ్జత్ పాయె."

"నలభై దినాలున్నయి గద," అంది బాలవ్వ.

సూరత్‌లోనే పుట్టి పెరిగిన కోడలు రుచిత మెడికల్ షాపు నుంచి పెద్దవాళ్ళ డైపర్ల ప్యాకెట్ తెచ్చింది. రాత్రిపూట అవి బంగారమే. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆలుమగలిద్దరూ తెల్లారేదాకా నిద్రపోయారు. బాలవ్వ ఆ ప్యాకెట్‌ను దేవుడి గూటి పక్కనే పెట్టుకుంది. కాని రథానికి అవి పనికిరాలేదు. గోచీ పోసి పంచె కడితే వెనక దిండు కట్టుకున్నట్టు ఉబ్బు. వానాకాలపు ఉక్కకు గంటలో తొడలు ఒరుసుకుపోయేవి. కాళ్ళతో మగ్గం తొక్కుతుంటే పక్కల నుంచి కారేది. పైగా గరగరమని చప్పుడు. కార్ఖానా మోతకు చెవులు సగం పోయిన రాజమౌళికి కోడలి పిలుపు వినపడదు గాని, ఆ గరగర మాత్రం ఉధనా స్టేషన్ దాకా వినపడుతున్నట్టు ఉండేది.

"మామయ్యా, పంచె బదులు ప్యాంట్ వేసుకోండి. కోయీ నహీ దేఖేగా, ఎవరూ చూడరు" అంది రుచిత.

"ప్యాంటేసుకొని మగ్గమెక్కుతరా బిడ్డా" అన్నాడు రాజమౌళి, పాపం మెల్లగానే.

ఇక బాలవ్వ మిషన్ ముందు కూర్చుంది. ఇంట్లో చీరల కత్తిరింపు ముక్కలకేం కొదువ? మెత్తటి జార్జెట్ ముక్కలు ఆరు వరసలు పేర్చి కుట్టి, గ్లాసుడు నీళ్ళు పోసింది. నీళ్ళు ఆరు వరసలనూ పలకరించి నేరుగా నేలమీదికి దిగాయి. అంతా పాలిస్టర్. మనిషిని ఊరించడమే తప్ప దాహమన్నది ఎరగని బట్ట అది. బజారు నుంచి కాటన్ అని చెప్పి అమ్మిన తువ్వాళ్ళు తెచ్చి చూసింది. అవి సగం తాగి సగం కక్కాయి.

అప్పుడు ఆమె చూపు రేకుపెట్టె మీద పడింది.

రథం ముందురోజు మగ్గం సరిచూసుకోవడానికి నేసే మూరెడున్నర ముక్కను మచ్చుగుడ్డ అంటారు. అది నేసినవాడికే చెందుతుంది. పద్దెనిమిదేళ్ళ మచ్చుగుడ్డలు, పద్దెనిమిదీ అసలు సిసలు నూలువి, రాజమౌళి ఆ పెట్టెలో దాచుకున్నాడు. చుట్టాలొస్తే ఒక్కొక్కటీ విప్పి ఏ ఏడాదిదో చెప్పేవాడు. రెండో గుడ్డకే చుట్టాలు బస్సు టైమయిందనేవాళ్ళు.

చెకప్‌కు తప్పనిసరై పోయిన రాజమౌళి ఆస్పత్రి నుంచి వచ్చేసరికి బాలవ్వ చేతిలో కత్తెర, ఒడిలో మొదటి ఏడాది గుడ్డ. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అది ఏందో ఎరికేనా నీకు?"

"ఎరికే. నువ్వు నేసిందే. గుడ్డ నేసుడు పెట్టెల దాసనీకా, మనిషి ఇజ్జత్ దాసనీకా?"

కత్తెర సగం తెరుచుకునే ఉంది. అతను వచ్చి ఎదురుగా కూర్చుని గుడ్డను తనవైపు తిప్పుకున్నాడు.

"గట్ల అడ్డంగ కోస్తే పోగులు లేస్తయి. నిలువు కొయ్యి. అంచు పారెయ్యకు, నడుము దిక్కు పెట్టు. అంచు పోగు ఎన్నటికి లేవదు."

మొదటిది కుట్టి నీళ్ళు పోస్తే చామాకు మీద పోసినట్టు దొర్లిపోయాయి. బాలవ్వ నోరు తెరిచింది. పడుగుకు పట్టించిన గంజి ఏనాడూ ఉతకని ఆ గుడ్డల్లో అలాగే ఉంది. సాలోడి పెండ్లామయి ఉండి గంజి మరిచినవా అని రాజమౌళి నవ్వాడు. ఆర్నెల్ల తర్వాత మొదటి నవ్వు. ఆ నవ్వుకు పంచె మార్చుకోవలసి వచ్చింది. బాలవ్వకు ఏ పంచె ఉతికినా అంత సంతోషం కలగలేదు.

సోడా వేసి రెండుసార్లు ఉడకబెట్టి ఉతికాక గుడ్డలకు దాహం పుట్టింది. ఒక గ్లాసు తాగాయి, రెండో గ్లాసూ తాగాయి. కాని తడి ఒంటికి తగులుతోందన్నాడు రాజమౌళి. బాలవ్వ కాసేపు ఆలోచించి, మూలకు విసిరేసిన జార్జెట్ ముక్కను తెచ్చి పైవరసగా వేసింది. అది నీళ్ళను ఆపుకోలేదు కదా, కిందికి వదిలేస్తుంది. తాను మాత్రం పొడిగా ఉంటుంది. అడుగున గొడుగుబట్ట, తొడల దగ్గర లాస్టిక్, నడుముకు నాడాలు. అంతే, లంగోటి తయారు.

ఇక పరీక్ష. ముందుగదిలో బెంచీ వేసి, కాళ్ళకింద రెండు పలకలు పెట్టి, లేని మగ్గాన్ని ఐదు గంటలు నేయమంది. మధ్యలో మూడు చాయ్‌లు తాగించింది. పరీక్ష అంటే కష్టంగానే ఉండాలని ఆమె వాదం. కిటికీలోంచి చూసినవాళ్ళు మౌళన్నకు దేవుడు పూనాడన్నారు. ఆ మాట ఉధనా స్టేషన్ దాకా పోయి తిరిగొచ్చేసరికి దేవుళ్ళు ముగ్గురయ్యారు. మొదటిసారి మూడో గంటకు పక్కన కారింది. లాస్టిక్ బిగించింది. రెండోసారి ఐదు గంటలూ నిలిచింది.

పున్నమి నాడు రాజమౌళి తెల్ల పంచె కట్టి పీటెక్కాడు. డప్పులు, కోలాటాలు, మధ్యమధ్య వాన. బాలవ్వ లారీ పక్కనే నడిచింది. అందరూ స్వామిని చూస్తుంటే ఆమె పంచెను చూసింది. స్వామి ఏమీ అనుకుని ఉండడు, ఆయనకూ శెల్లా కావాలి కదా.

గుడి ఇంకా దూరముండగానే లారీ మొరాయించింది. దాన్ని బాగుచేసేసరికి ఐదు గంటలూ దాటిపోయాయి. బాలవ్వ గుండె మిషన్ సూదిలా కొట్టుకుంది. ఆమె పరీక్ష పెట్టింది ఐదింటికే. గంగారాం లారీ ఎక్కి రాజమౌళి చెవిలో, తెర కడతాం, జర దిగుతావా అని అడిగాడు.

రాజమౌళి చేతిలో పోగు నడిపే నాడె ఆగలేదు. "బట్ట తెగిందా?" అన్నాడు.

మొత్తం ఆరున్నర గంటలు. గుడి ముందు బట్ట కోశారు. రాజమౌళి లేచి నిలబడ్డాడు. వెనక పంచె మల్లెపువ్వులా ఉంది. ఏటా గబగబా దిగేవాడు, ఈసారి చేతులు జోడించి మగ్గం చుట్టూ మూడుసార్లు మెల్లగా తిరిగాడు. స్వామికి మొక్కాడో, నాలుగు దిక్కులకూ వెనక పంచె చూపించాడో ఆయనకే తెలియాలి.

సంఘం హాల్లో సన్మానం చేస్తూ గంగారాం, ఈ వయసులో ఆరున్నర గంటలు ఏం తిని కూర్చున్నావన్నా అని మైకులో అడిగాడు. రాజమౌళి మైకు అందుకున్నాడు.

"తినుడు కాదు. ఆపరేషనయినంక నాకు మూత్రం ఆగుతలేదు. నా బాలవ్వ కుట్టిన లంగోటి మీద కూసున్న. శెల్లా నేసింది నేను, లంగోటి కుట్టింది ఆమె. రెండిట్ల ఏది పెద్ద పనో మీరే చెప్పుండ్రి."

ముందు ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు మొదలయ్యాయి. బాలవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది గాని, ఆ నవ్వుకు కొంగు చాలలేదు.

రెండోరోజు పొద్దున గంగారాం వచ్చాడు. వానల గురించి మాట్లాడాడు, నూలు గురించి మాట్లాడాడు. రాజమౌళి చాయ్ బండి దగ్గరికి వెళ్ళాడని రూఢి చేసుకున్నాక గొంతు తగ్గించాడు.

"వదినె, మా బావమరిదికి ఒకటి కావాలె."

బాలవ్వ ఈ ఏటి మచ్చుగుడ్డను తీసింది. అది మూరెడున్నర కాదు, నాలుగు మూరలుంది. రాజమౌళి దాన్ని పెట్టెలో దాచకుండా నేరుగా ఆమె మిషన్ మీదే పెట్టాడు. ఆమె మెడలోని కొలత టేపు తీసి, చెప్పాపెట్టకుండా గంగారాం నడుము చుట్టూ తిప్పింది.

"నీ బావమరిది నీ అంతనే ఉంటడా?"

గంగారాం వాకిలివైపు ఒకసారి చూసి, పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

"నా అంతనే ఉంటడు వదినె."

"అయితే ఊపిరి ఇడువు," అంది బాలవ్వ. "బిగుతయితది."