కోతా కొసరూ

మా బాపు కార్వాన్‌లో బర్రెలు పెట్టుకుని పాలు పోస్తాడు. కొలిచి పోశాక ప్రతి గిన్నెలో కాసింత కొసరు వేయడం ఆయన పద్ధతి. పోయినేడు బర్రె లోను కిస్తీ నాటికి ఆయన ఖాతాలో యాభై రూపాయలు తక్కువయ్యాయి. కిస్తీ బౌన్స్ అయిందని బ్యాంకు ఐదొందలు కోసింది. ఆ కోతతో ఖాతా ఇంకా తగ్గితే, మినిమమ్ బ్యాలెన్స్ లేదని మళ్లీ కోసింది.

బాపును వెంటబెట్టుకుని వెళ్లి బ్యాంకులో లొల్లి చేశాను. "లేనోని దగ్గరనే గిట్ల గుంజుతరా?" అని అడిగాను. కౌంటర్‌లో ఉన్నాయన మా గల్లీ మనిషే, మా దగ్గరే పాలు పోయించుకుంటాడు. ఆయన తల దించుకుని, "సిస్టమే కోస్తది కాకా, నా చేతుల ఏం లేదు" అన్నాడు బాపుతో.

మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే గిన్నె పట్టుకుని వచ్చాడు. బాపు కొలిచి పోసి, పైన కొసరు కూడా వేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన వెళ్లేదాకా ఆగి, "గాయనకు కొసరెందుకు బాపూ?" అన్నాను.

"కోసింది గాయన కాదు బిడ్డా, బ్యాంకు. గా బ్యాంకే గిన్నె పట్టుకొని వచ్చిననాడు ఎయ్యను తియ్."