కుంట గట్టు మర్యాద

మా బావ మాట ఎత్తితేనే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్క ముఖం చూసి ఊరుకుంటాను గానీ, ఆయన పక్కన కూర్చుని అన్నం తినాలంటే ముద్ద దిగదు. ఒక్క చేప కోసం ఇంత కోపమా అని అక్క అడుగుతుంది. అవును, ఒక్క చేప కోసమే.

నాది గోదావరిఖని. గనిలో పనిచేసిన నాయన ఆరోగ్యం చెడి పని మానేస్తే ఆ ఉద్యోగం నాకు వచ్చింది. నా పని గని పైన, లాంప్ రూములో. షిఫ్టుకు దిగేవాళ్ళకు దీపాలు ఇవ్వాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. వారమంతా బొగ్గు దుమ్ము, అరుపులు. సెలవు రోజు మాత్రం గాలం పట్టుకుని నీళ్ళ దగ్గర కూర్చోకపోతే నాకు మనిషినన్న సంగతే గుర్తుండదు. అది నాయన నేర్పిన అలవాటు. గోదావరి ఒడ్డున ఆడమనిషి గాలం వేస్తే పక్కన చేరి ఫోన్లతో వీడియోలు తీస్తారు. అందుకని కాసిపేట దగ్గర మా కాక వాళ్ళ పొలంలో ఉన్న కుంటకు పోతాను.

కాక మాకు చుట్టం కాదు. నాయనతో కలిసి బొగ్గు కొట్టిన మనిషి. ఆయన తండ్రి పాలమూరు వైపు నుంచి గనుల పనికి వచ్చాడు. మెన్నోనైట్ క్రైస్తవులు. రిటైరయ్యాక కొంచెం పొలం కొనుక్కుని కాక, చిన్నమ్మ అక్కడే ఇల్లు వేసుకున్నారు. వరి, కూరగాయలు, నాలుగు బర్రెలు, పొలం మధ్యలో కుంట. ఇంటి గోడ మీద శిలువ బొమ్మ కూడా లేదు. వాళ్ళేమిటో తెలియాలంటే వాళ్ళతో మెలగాల్సిందే.

అక్కడ చేపలు పట్టడానికి ఎవరూ డబ్బు అడగరు, గేటుకు తాళం వెయ్యరు. అంతమాత్రాన అది ఎవరి ఇష్టం వాళ్ళది అనుకుంటే పొరపాటే. ముందు ఇంటి దగ్గర ఆగి పిలవాలి. గాలం గోడకు ఆనించి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఇంట్లో వాళ్ళ మంచిచెడ్డలు అడగాలి. "ఇగ పో బిడ్డా" అని కాక అన్నాకే గట్టెక్కాలి. ఆదివారం రావద్దని ఆయన నాతో ఏనాడూ అనలేదు. ఒక ఆదివారం పోతే ఇద్దరూ చర్చికి పోయి ఉన్నారు, తలుపు దగ్గరకు వేసి ఉంది. గట్టు మీద కూర్చున్నాను గానీ దొంగతనానికి వచ్చినట్టనిపించి లేచి వచ్చేశాను. మళ్ళీ ఆదివారం పోలేదు.

ఇంకొకటి, ఆ ఇంట్లో ఒట్టు పెట్టకూడదు, వాళ్ళ మతంలో అది తప్పు. మా లాంప్ రూములో ఒట్టు లేకుండా మాట పూర్తి కాదు. పిల్లల మీద ఒట్టు, అన్నం మీద ఒట్టు. మొదట్లో నేను అట్లాగే ఏదో అంటే కాక నవ్వి, "మాట చెప్పినవు గద, దాని మీద ఒట్టెందుకు?" అన్నాడు. ఆయన ఏ సంగతైనా ఒక్కసారే అడుగుతాడు. రెండోసారి అడిగితే ఎదుటి మనిషిని అబద్ధాలకోరు అన్నట్టేనట. కొట్లాటకు పోరు, పోలీసు మెట్లెక్కరు.

చిన్నమ్మ దగ్గర మాత్రం గుడ్డ మర్యాద. వట్టి చేతులతో పంపదు. వంకాయలో, బీరకాయలో పాత చీర చింపి కుట్టిన గుడ్డలో మూటగట్టి ఇస్తుంది. ఆ గుడ్డ ఉతికి తిరిగి తెచ్చివ్వాలి. ప్లాస్టిక్ కవర్ ఇస్తే మళ్ళీ వచ్చే పని ఏముంటుంది అంటుంది.

నిరుడు ఎండాకాలం కుంట నెర్రెలు విచ్చింది. చేపలన్నీ పోయాయి. తర్వాత వానలకు వాగు నీళ్ళు ఎక్కి పరకలు, చిన్న జెల్లలు వచ్చాయి. వాటితోపాటు ఒక జత కొర్రమట్టలు, అంటే కొర్రమీన్లు, కూడా వచ్చి, తుంగ పక్కన పిల్లలు పెట్టాయి. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి మీదకు తేలి, మళ్ళీ మునుగుతుంటే కింద పెద్దవి రెండూ కాపలా. ఆ జతే కుంటకు మళ్ళీ ప్రాణం. కాక తన గాలం చూరులో దోపేసి, "తుంగ దిక్కు వెయ్యకు బిడ్డా. ఆ పిల్లలు పెద్దగైతే కుంట బతుకుతది," అన్నాడు. పిల్లల గుంపులో గాలం పడితే కాపలా చేప కోపంతో మీదపడి కరుస్తుంది. దాన్ని పట్టడానికి తెలివి అక్కర్లేదు, సిగ్గు లేకపోతే చాలు.

మా బావకు ఆ లోటు లేదు. ఆయన జ్యోతినగర్‌లో ఇంజనీరు. నాకు దొరికిన చోటు చూడాలని అక్క చేత ఫోన్ల మీద ఫోన్లు చేయించి, కారులో నన్ను ఎక్కించుకుని బయలుదేరాడు. తుంగ సంగతి, ఒట్టు సంగతి, అన్నీ దారిలోనే చెప్పాను. "చేపలు పట్టనీకి పోతున్నమా, పెండ్లి చూపులకా మరదలా?" అన్నాడు.

గేటు దగ్గరే హారన్ మోగించాడు. చిన్నమ్మ నీళ్ళు తెచ్చేలోపు కాక చేతిలో మందు సీసా పెట్టాడు. మా వైపు పని కావాలంటే అదే మర్యాద, ఆ మర్యాదనే మోసుకొచ్చాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి ఆ సీసాను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, "మాకు అలవాటు లేదు అల్లుడా," అని మెల్లగా కారు సీటు మీద పెట్టి వచ్చాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. బావ మాత్రం గుట్కా చింపి నోట్లో పోసుకున్నాడు.

గట్టు మీద ఆయన చేసినవి ఇన్నీ అన్నీ కావు. ఎర కోసమని కోడి పేగులు తెచ్చి, మిగిలినవి కవరుతో సహా నీళ్ళలోకి విసిరాడు. బర్రెలు తాగే నీళ్ళలో ఎర్రగా ఉమ్మాడు. నేను ఆ కవరు కర్రతో లాగుతుంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. అంతలో బీరకాయలు కోయడానికి చిన్నమ్మ పిలిస్తే పందిరి కిందికి పోయాను.

తిరిగి వచ్చేసరికి బావ గాలం చుట్టేసి, బ్యాగు జిప్పు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. కాక కుంట వైపు నుంచి వచ్చి, "తుంగ కాడ నీళ్ళు మస్తు కదిలినయి. గాలం అటు పడ్డదా అల్లుడా?" అని అడిగాడు.

"మా అమ్మ మీద ఒట్టు మామా, అటు దిక్కే పోలే," అన్నాడు బావ.

కాక, "సరే అల్లుడా. అన్నం తిని పోండ్రి," అన్నాడు. రెండోసారి అడగలేదు.

అన్నం ముందు కాక కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే బావ ఫోన్ చూసుకున్నాడు. పప్పు బాగుందని రెండుసార్లు పెట్టించుకున్నాడు. మేము చేతులు కడుక్కుంటుండగా చిన్నమ్మ బీరకాయలు తెచ్చి ఆ బ్యాగు తెరిచింది. "నేను సర్దుకుంట అత్తమ్మా," అని బావ తడిచేతులతో పరుగెత్తాడు గానీ, అప్పటికే ఆమె లోపలికి పోయి వచ్చి, బ్యాగు సర్ది, జిప్పు మూస్తోంది. ఆమె ముఖం ఎప్పటిలాగే ఉంది. "పైలంగ పోండ్రి," అంది.

మంచిర్యాలలో చాయ్ కోసం ఆగాం. వెనక సీటు మీద బ్యాగు కదిలింది. నేను జిప్పు లాగాను. పైన బీరకాయలు. వాటి కింద చిన్నమ్మ గుడ్డ, నీళ్ళు కారేట్టు తడిపి, పొత్తిళ్ళలాగా చుట్టి ఉంది. విప్పితే కొర్రమట్ట. దవడ చీలి ఉంది, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

బావ చాయ్ ఊదుకుంటూ వచ్చాడు. "చూసినవా, ముసల్ది గుడ్డ గూడ తడిపి ఇచ్చింది. ఇంటిదాక సావదు. మీ అక్క పులుసు పెడతది," అన్నాడు.

తల్లి మీద ఒట్టు పెట్టి అబద్ధమాడి, ఆ ఇంటి అన్నమే తిని, దొంగ సొమ్ము దొరికిపోయాక కూడా, ఆమె తన పులుసు కోసం సాయం చేసిందనుకుంటున్నాడు. చిన్నమ్మ చూసింది. కాకకూ తెలుసు. పెద్ద నోరు చేసుకుని ఆ చేపను వాళ్ళే తీసేసుకోవచ్చు. అట్లా చేస్తే నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే నా పరువును, చేప ప్రాణాన్ని కలిపి తడిగుడ్డలో చుట్టి, తిరిగి తేవాల్సిన గుడ్డలో చుట్టి, నాతో పంపారు.

హోటల్లో ఒక జగ్గు నీళ్ళు అడిగి గుడ్డ మీద పోశాను. చేపను చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాను.

"ఒక్క చేప కోసం ఏం నాటకమే ఇది? మీ అక్కకు చెప్త," అన్నాడు బావ.

"చెప్పు. అమ్మ మీద ఒట్టు పెట్టి మరీ చెప్పు," అన్నాను.

బెల్లంపల్లి బస్సులో పక్కన కూర్చున్నామె నీచు వాసనకు ముక్కు మూసుకుంది. నాకు బావ గుట్కా వాసన ముందు అది వాసనే అనిపించలేదు.

ఆటో దిగి పోయేసరికి పొద్దు గూకుతోంది. కాక తుంగ పక్కన బురదలో కూర్చుని ఉన్నాడు, చేతిలో పొడుగాటి కర్ర. మేము పోయినప్పటి నుంచీ కొంగలను తోలుతున్నాడట. గుంపు సగానికి సగం అయింది. మిగిలిన వాటి కింద రెండో చేప ఒక్కటే తిరుగుతోంది.

గుడ్డ మూట ఆయన చేతుల్లో పెట్టాను. నీళ్ళలో ముంచి విప్పాడు. చేప కాసేపు ఆయన అరచేతుల మీదే ఉండిపోయి, తోక ఒకసారి ఆడించి తుంగలోకి జారిపోయింది. మళ్ళీ పిల్లల దగ్గరికి చేరిందో లేదో చీకట్లో కనబడలేదు.

"కాకా, నాకు తెల్వదు, ఒ..." అని నోరు జారబోయి ఆపుకున్నాను.

"తెల్సు బిడ్డా," అన్నాడు.

చిన్నమ్మ వచ్చి గుడ్డ అందుకుని, పిండి, తీగ మీద ఆరేసింది. నా భోజనం సంగతి అడిగింది. బావ సంగతి ఎత్తలేదు. వాళ్ళు నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఉక్రోషం ఆగక ముఖానికి బట్ట అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

కాక కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు. "అల్లుడు ఒక్కడే పోయిండా? పాపం. ఇంకోనాడు ఆయనను గూడ తోల్కరా, నిమ్మలంగ కూసొని తిందాం."

ఆయన మాటకు నేను ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "తోల్కరాను కాకా," అన్నాను.

ఆయన రెండోసారి అడగలేదు.