దిక్కు లేదని చెప్పలేని ఊరు: బాగేపల్లి కచేరికి ఒక ప్రయాణం

నిరాశ్రితుల పిల్లలు కాలేజీ మెట్టు ఎందుకు ఎక్కలేకపోతున్నారో తెలుసుకోమని బెంగుళూరులో నాకొక ఫెలోషిప్ ఇచ్చారు. అరవైల చివరి సంగతి ఇది. బర్మాలో దుకాణాలు పోగొట్టుకుని, ఓడల్లో వచ్చి మద్రాసులో దిగి, తాతల నాటి ఊళ్ళు వెతుక్కుంటూ తిరిగొచ్చిన కుటుంబాలు బాగేపల్లి చుట్టుపక్కల కొన్ని ఉండేవి. సుగుణ ఆ పిల్లల్లో ఒకతి. రంగూన్‌లో పుట్టింది, తండ్రి అక్కడే పోయాడు, తల్లితో పాటు పెదనాన్న ఇంటికి వచ్చింది. కన్నడం ఒక్క అక్షరం రాని పిల్ల, మూడేళ్ళు తిరక్కుండా కన్నడంలోనే ఎస్సెల్సీ ఫస్టు క్లాసులో ప్యాసయింది. డాక్టరు చదవాలని ఆమె పట్టు. బెంగుళూరు కాలేజీలో నిరాశ్రితులకని విడిగా ఉంచిన సీటు ఒకటి, హాస్టలుతో సహా, ఆ ఏడు మిగిలి ఉంది. వరసగా వానలు మొహం చాటేసిన ఆ ఇంటికి అది తప్ప వేరే దారి లేదు. బాగేపల్లి తాలూకా కచేరిలోని అధికారి, అక్కడివాళ్ళ మాటలో అమల్దారు, ఊరి పెద్దల ఎదుట విచారించి ఈమె ఆధారం లేని నిరాశ్రితురాలేనని రాసి పంపితే చాలు. గడువు ఆ వారంతో సరి. అందుకే బయలుదేరాను.

తెల్లవారుజామున బెంగుళూరులో చిన్న రైలెక్కితే పొద్దెక్కాక చిక్కబళ్ళాపురంలో దించింది. దాని వేగం గురించి మాట్లాడకపోవడమే మర్యాద. పట్టాల పక్కన సైకిలు మీద వస్తున్న పెద్దమనిషి ఒకాయన కొంతదూరం మాతో కబుర్లు చెబుతూనే వచ్చాడు. స్టేషను బయట ఇడ్లీ తిని తొమ్మిదిన్నర బస్సు పట్టుకున్నాను. బాగేపల్లికి టిక్కెట్టు రూపాయి చిల్లర, దుమ్ము ఉచితం. పేరేసంద్ర దాటాక రెండువైపులా బండరాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఎండిపోతున్న వేరుశెనగ చేలు. ముందు సీట్లో ఒంటరి ఆడమనిషినైన నన్ను చూసి డ్రైవరుకు నిద్ర పట్టని ప్రశ్న ఒకటి పుట్టింది.

"యాడికమ్మా, ఒక్కదానివే?"

"బాగేపల్లి కచేరికి."

"ఈ పొద్దు సంత కదమ్మా. కచేరి అరుగు మింద సగం తాలూకా కూచోనుంటాది."

ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

సుగుణ, ఆమె పెదనాన్న నరసింహప్ప బస్సు దిగేచోటే నిలబడి ఉన్నారు. ఆయన ఉతికిన పంచె, తలపాగాతో పెళ్ళికి వచ్చినట్టు ఉన్నాడు. సంత పక్కనున్న పూటకూళ్ళ ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. రాగి సంగటి, ఉలవచారు, వేడివేడిగా. వండిన ఆమె నా విస్తరి చూసి, "అంతేనా తినేది? ఇంకో ముద్ద పెడతానుండు," అంటూ అడక్కుండానే పెట్టింది. తింటూ తింటూ నేను అసలు సంగతి ఎత్తాను. అమల్దారు ఏమడుగుతారో, ఏం చెప్పాలో విడమరచి చెప్పాను.

నరసింహప్ప సంగటి వేళ్ళతో నలుపుతూ అన్నాడు.

"మా తమ్ముడు బర్మాకు పోయినప్పుడు వాని పాలు చేను యాడుండాదో ఆడనే ఉంచినానమ్మా. గట్టు కూడా జరపలేదు. వీళ్ళు వచ్చినపొద్దు వాకిట్లో కాళ్ళు కడిగి లోపలికి పిలుచుకున్యాను. ఇప్పుడు ఈ బిడ్డకు ఎవురూ లేరని నా నోటితోనే చెప్పల్లా?"

"సీటు కోసం, అంతే. ఆమె చదువు కోసం."

ఆయన సుగుణ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని తింటోంది. "సరేమ్మా. చెప్తాను," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అబద్ధమని కూడా అనలేని ఒక చిన్న మాటతో పని అయిపోతుందనుకున్నాను.

కచేరి అరుగు డ్రైవరు చెప్పినట్టే ఉంది. అమల్దారు మంచివాడే, త్వరగా తెముల్చుదామన్నాడు. కానీ అక్కడి పద్ధతి ఒకటుంది. ఊరి పటేలును, ఇంకో ఇద్దరు పెద్దలను సాక్షులుగా నిలబెట్టి, ఇంటి యజమాని చేత అందరికీ వినబడేట్టు చెప్పించాలి. అమల్దారు గొంతు సవరించుకుని కన్నడంలో అడిగాడు. ఈ అమ్మాయికి ఊళ్ళో ఇల్లు గానీ, ఆధారం గానీ, చూసుకునే మనిషి గానీ ఉన్నారా?

తమలపాకులు నములుతున్న పటేలు నవ్వుతూ, "ఏమప్పా నరసింహప్పా, మీ ఇంట్లోనే దిక్కులేనోళ్ళు ఉండారా? మాకు తెలీనే లేదే," అన్నాడు. ఎగతాళికే అన్నాడు, చెడ్డవాడేం కాదు. నరసింహప్ప నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. 

సుగుణ అది చూసింది. ఒక అడుగు ముందుకు వేసి, "నాకు ఇల్లుండాది సామీ. మా పెద్దనాయన ఉండాడు. రాయాల్సిన పని లేదు," అంది.

అమల్దారు నావైపు చూశాడు. కళ్ళతోనే బతిమాలాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు, అంతమంది విన్నాక. కలం మూత పెట్టేశాడు.

తిరిగి వెళ్ళడానికి నాకు దొరికింది మూడున్నర చింతామణి బస్సు. అది వెళ్ళే చేలూరు దారిలోనే వాళ్ళ ఊరు కాబట్టి ముగ్గురం ఒకే బస్సెక్కాం. నరసింహప్ప సంతలో ఆమెకు మల్లెపూలు, గాజులు కొన్నాడు. కండక్టరుకూ, ముందు సీటు ముసలాయనకూ, "మా పాప కచేరీలో ఏమనిందో తెలుసునా?" అని చెప్పుకుంటూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. కిటికీ పక్కన సుగుణ మెల్లగా అడిగింది.

"ఆ సీటు ఇంకెవురికి ఇస్తారమ్మా?"

"ఎవరికీ ఇవ్వరు. వేరేవాళ్ళకు ఇవ్వకూడదు. ఖాళీగా ఉంటుంది."

"ఏడాదంతా ఖాళీగానేనా?"

నేను అవునన్నాను. వాళ్ళ ఊరు రాగానే దిగిపోయారు. బస్సులో ఖాళీ అయిన చోట మురుగమల్లలో దర్గా నుంచి వస్తున్న యాత్రికులు కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకు చింతామణి చేరాను.

ఆ పిల్ల డాక్టరు కాలేదు. ఆ తరువాతి ఏడే ఆ ఊళ్ళోనే పెళ్ళయింది, పెదనాన్న తన శక్తికి మించి చేశాడని విన్నాను. ఈ కథలో చెడ్డవాడు ఒక్కడు దొరికినా నాకు తేలిగ్గా ఉండేది. కడుపులో పెట్టుకుని చూసుకున్న ఇల్లే అడ్డమైంది, దిక్కు లేనివాళ్ళకే ఇస్తామన్న సర్కారు నియమం దానికి తోడైంది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇలాంటి పని మీద ఆ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. సంత లేని రోజు చూసుకోండి. అరుగు ఎక్కకముందే అధికారిని విడిగా కలిసి, అడిగే ప్రశ్న మార్పించండి. పిల్లకు ఎవరున్నారని కాకుండా, ఎక్కడినుంచి వచ్చిందని మాత్రమే అడగమని చెప్పండి. దానికైతే నరసింహప్ప తలపాగా తీయకుండానే జవాబు చెప్పేవాడు.